ద్వీపనామవిచారము : డోక్డో యనునదియుఁ దకేషిమ యనునదియు

పదములకును వానియర్థములకును గల సంబంధమును విచారించుట వైయాకరణుని పని. భూమి యెవ్వరిదో నిర్ణయించుట ధర్మాధికారి పని. ఈ రెండును వేఱనుట యందఱు నెఱిఁగినదే. అయినను లోకమున నొక్కొక్కచో నొకఁడు రెండవవాని పీఠముపైఁ గూర్చుండుట గలదు. భూమి తనదనువాఁడు పేరును సాక్ష్యముగాఁ జూపును. పేరు తనదనువాఁడు భూమి నడుగును. వ్యుత్పత్తి చెప్పుటకుఁ బండితుఁ డెప్పుడును సిద్ధముగానే యుండును. ఇట్టి వివాదములలోఁ గొరియా జపానుదేశముల నడిమి సముద్రమందున్న యొక చిన్న ఱాతిదీవి వివాదము నామవిచారము చేయువారికి మిక్కిలి యుపదేశకరమైనది. దానిని గొరియావారు డోక్డో యందురు. జపానువారు తకేషిమ యందురు. ఐరోపావారి పటములయందు లియాంకూర్ శిలలని యుండును. ఆ దీవి నామచరిత్రమును సంగ్రహముగాఁ దెలిపి, నామము స్వత్వమునకు నెంతవఱకుఁ బ్రమాణమగునో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ద్వీపశబ్దము

మొదట ద్వీపశబ్దమునే చూతము. ద్విశబ్దమునకుఁ బరమైన అప్ శబ్దముయొక్క యకారమునకు ఈకారమును, పిదప సమాసాంతప్రత్యయమును బాణిని విధించెను. ఇరువైపుల నీరు గలది యని యవయవార్థము. ఆ విధిచేతనే అంతర్ శబ్దమునకుఁ బరమగునపుడు అంతరీపమును, ఉపసర్గలకుఁ బరమగునపుడు ప్రతీపము, సమీపము అనునవియు సిద్ధించుచున్నవి. సమీపమన నీరు కూడియున్న చోటు. ప్రతీపమన నీటి కెదురైనది. అయినను నేఁడు 'బడి సమీపమున నున్నది' అన్నవానిని 'నీరెక్కడ?' అని యడుగువాఁడు లేఁడు. వ్యుత్పత్తినిమిత్త మొకటి, ప్రవృత్తినిమిత్త మొకటి. శబ్దము పుట్టిన యిల్లు వేఱు, కాపురమున్న యిల్లు వేఱు.

తెలుఁగున సముద్రమందలి దానిని దీవి యనియు, గోదావరీకృష్ణల నడుమ మేటవేసి పైకివచ్చిన నేలను లంక యనియు వ్యవహరింతుము. రావణుని పురమున్న ద్వీపమునకు సంజ్ఞయైన పదమే మనకు నదీద్వీపమునకు జాతివాచకమైయున్నది. ఏది ముందు, ఏది వెనుక యని పండితులు వాదింపవచ్చును. లంకపొగాకు పండించు రైతున కా వాదముతోఁ బనిలేదు. ఈ భేదమును మనసున నుంచుకొని ప్రకృతమునకు వత్తము.

ద్వీపస్వరూపము

ఈ దీవి యుత్తరాక్షాంశము 37 డిగ్రీల 14 నిమిషములకును, తూర్పు రేఖాంశము 131 డిగ్రీల 52 నిమిషములకును దాపుననున్నది. దీవి యని యేకవచనమున వాడుటయే గాని యిది యొక్కటి గాదు. తూర్పుశిల, పడమటిశిల యని రెండు పెద్దవియు, వాని చుట్టును ఎనుబదికిఁ బైఁగాఁ జిన్నఱాళ్లును గలవు. అన్నిటి వైశాల్యమును గూడ సుమారు 46 ఎకరములకు మించదు. పడమటిశిల 168 మీటర్ల యెత్తు గలది. అంతయు నగ్నిపర్వతశిల, చదునైన చోటు మిక్కిలి తక్కువ. కొరియాదేశపు ఉల్లుంగ్డో ద్వీపమునకు దీనికి 87 కిలోమీటర్లు. జపానుదేశపు ఓకిద్వీపములకు దీనికి 158 కిలోమీటర్లు. ఆకాశము తేటగా నున్నదినములలో ఉల్లుంగ్డోయందలి యెత్తైన చోట్లనుండి యిది కనఁబడును.

46 ఎకరముల ఱాతికై రెండు రాజ్యము లింతగా వాదింపనేల యని యడుగవచ్చును. ఱాయి కొంచెము, దాని చుట్టునున్న నీ రపారము. ఆ నీటియందు మత్స్యసంపద గలదు. ఇంతకు మించినదియు నొకటి గలదు. 1905వ సంవత్సరమున నీ శిలలను జపాను తన రాజ్యమునఁ జేర్చుకొనెను. ఆ సంవత్సరమే కొరియా జపాను రక్షణకు లోఁబడెను. 1910లో దేశమంతయు జపానునఁ గలిసిపోయెను. కాఁబట్టి కొరియావారికి ఈ ఱాయి పోయిన స్వాతంత్ర్యమునకు మొదటి గుఱుతు. జపానువారికో, ఇది తమ యధికారపత్రములయందు యథావిధిగా నెక్కిన భూమి.

లిపివిశేషము

ఇచ్చటి నామవివాదము తెలియవలెనన్నఁ జీనాలిపి స్వభావమును గొంత యెఱుఁగవలెను. ఆ లిపియందలి యక్షరము ప్రాయికముగా ధ్వనికిఁ గాక యర్థమునకు గుఱుతు. మనము వ్రాయు 2 అను నంకెను దెలుఁగువాఁడు రెండనియుఁ, దమిళుఁడు ఇరండనియు, సంస్కృతపండితుఁడు ద్వే యనియుఁ జదువుచున్నట్లు, వెదురు, దీవి అను నర్థములుగల రెండక్షరములను జపానువాఁడు తకేషిమ యనియుఁ గొరియావాఁడు జుక్డో యనియుఁ జదువును. షిమ యనఁగా జపానుభాషలో దీవి. డో యనఁగా జీనాభాషనుండి వచ్చి కొరియాభాషలో నిలిచిన తత్సమప్రాయమైన పదము. సొమ్ అనునది కొరియాభాషయందలి దేశ్యము. ఇంతియ కాదు, ఒక్కొక్కప్పుడు దేశ్యపదము నీ లిపిలో వ్రాయవలసినపుడు అక్షరముయొక్క యర్థమును విడిచి ధ్వనిమాత్రమును గ్రహింతురు. కావున నొక పేరు వ్రాఁతలోఁ గనఁబడినపుడు అది యర్థమునకై వ్రాయఁబడినదా, ధ్వనికై వ్రాయఁబడినదా యను సంశయము తప్పదు. వివాదమున సగము భాగ మీ సంశయమునుండి పుట్టినదే.

కొరియావారి నామములు

1145లోఁ గూర్పఁబడిన మూఁడురాజ్యముల చరిత్రమునందు ఉసాన్ అను ద్వీపరాజ్యము 512వ సంవత్సరమున సిల్లారాజ్యమునకు లోఁబడినట్లు చెప్పఁబడినది. ఆ యుసాన్ ఉల్లుంగ్డో యనుటయందు వివాదము లేదు. 1454 నాఁటి సేజోంగ్ రాజచరిత్రమందలి భూగోళభాగమున తూర్పుసముద్రమున ఉసాన్, మురుంగ్ అని రెండు దీవులున్నవనియు, అవి పరస్పరము దూరమున లేవనియు, ఆకాశము నిర్మలమైనపుడు కనఁబడుననియు నున్నది. మురుంగ్ ఉల్లుంగ్డోయే కాఁబట్టి రెండవది యీ శిలలే యని కొరియావారి వాదము. తెఱపిదినములలో మాత్రమే కనఁబడుననుట దూరస్థమైనదానికే యొప్పునని వారి యుక్తి.

దీనికి జపానువారి ప్రత్యుక్తి యిది. 16వ శతాబ్దిలో వెలసిన కొరియాదేశపు భూవర్ణనగ్రంథమునఁ గల పటమునందు ఉసాన్ ఉల్లుంగ్డోకుఁ బడమటఁ జూపఁబడినది, డోక్డోయో తూర్పుననున్నది. కావున నుసాన్ అనునది యుల్లుంగ్డోకే మఱియొక పేరు గావచ్చును, లేదా దాని చెంతనున్న చిన్నదీవి గావచ్చును. తరువాతి పటములయందు ఉసాన్ తూర్పునకు వచ్చినదని కొరియావారు చూపుదురు. అందుఁ గొన్నిట నది యుల్లుంగ్డోకు మిక్కిలి దగ్గఱనున్నదని జపానువారు చూపుదురు. నిష్పక్షపాతముగాఁ జెప్పవలెనన్న, ఉసాన్ శబ్దము మొదట రాజ్యమునకు సంజ్ఞయై, పిదప నందొక దీవికి సంజ్ఞయై, ఆ దీవి యేదో యన్నిపటములయందు నేకరీతిగా లేకయున్నది. శబ్దము చిరకాలము జీవించినది గాని యర్థమొక్కచోట నిలువలేదు.

జపానువారి నామములు

జపానువారివైపున నామచరిత్ర మింకను విచిత్రమైనది. 17వ శతాబ్దిలో జపానునుండి టొట్టొరిసీమకుఁ జెందిన రెండు వర్తకకుటుంబములు రాజాధికారుల యనుజ్ఞతో ఉల్లుంగ్డోకు బోయి చేఁపలు, కలప మొదలగువానిని దెచ్చుచుండెడివి. అప్పుడు వారు ఉల్లుంగ్డోను దకేషిమ యనిరి. అచ్చట వెదురు గలదు. త్రోవలో నుండిన యీ శిలలను మత్సుషిమ యనిరి. మత్సు వనఁగా సరళవృక్షము. ఈ ఱాతిపై సరళవృక్షములు పెరుగఁదగిన మన్ను లేదు. వెదురును సరళవృక్షమును జపానువారు మంగళద్వంద్వముగాఁ జెప్పుదురు. పెద్దదానికి వెదురు పేరు రాఁగాఁ జిన్నదానికి జంటపేరు వచ్చియుండునని తలఁపవచ్చును. అట్లైన నిది గుణమునుబట్టి గాక సాహచర్యమునుబట్టి వచ్చిన సంజ్ఞ.

1693లో ఉల్లుంగ్డోయం దిరుదేశముల జాలరులును దారసిల్లిరి. జపానువారు అన్ యోంగ్‌బొక్ అను కొరియావానిని బట్టి తమ దేశమునకుఁ గొనిపోయిరి. వాఁడు తిరిగివచ్చి, 1696లో మరల నచ్చటికిఁ బోయి, మత్సుషిమ యనునది కొరియావారి యుసానే యని వాదించితినని చెప్పినట్లు కొరియారాజపత్రములయం దున్నది. ఆ సాక్ష్యము నమ్మఁదగదని జపానువారందురు. ఏమైనను 1696లో జపానుపాలకులు తమవారు తకేషిమకు, అనఁగా ఉల్లుంగ్డోకుఁ బోరాదని నిషేధించిరి. ఆ నిషేధమున మత్సుషిమ పేరు లేదు. పేరు లేకుండుటచే నది నిషేధమునకు వెలియైనదని జపానువారును, పెద్దదానితోడిదే చిన్నదియు నని కొరియావారును వ్యాఖ్యానింతురు. ప్రధానగ్రహణముచే నప్రధానము గ్రహింపఁబడునా యను ప్రశ్న మన శాస్త్రములయందుఁ గ్రొత్తది గాదు.

1877లో షిమానెసీమవారు తకేషిమయు 'మఱియొక దీవియు' దమ భూపట్టికయం దెక్కింపవచ్చునా యని యడుగఁగా, ఆ రెండింటితో మన దేశమునకు సంబంధము లేదని జపాను మహామంత్రిసభ యుత్తరమిచ్చెను. ఆ పత్రముతోడి పటమునందు ఇసొతకేషిమ, మత్సుషిమ యను రెండు దీవులు గలవు. ఇది కొరియావారి చేతఁ బలమైన లిఖితము. ఆ కాలమునకుఁ బేళ్లు తాఱుమాఱైయుండెఁ గాన దేనిని జెప్పిరో స్పష్టము గాదని మఱికొందఱి సమాధానము. ఆ తాఱుమాఱెట్లు వచ్చెనో చూతము.

నామవినిమయము

1787లో లాపెరూజ్ అను ఫ్రెంచినావికుఁడు ఉల్లుంగ్డోను జూచి, తన యోడయందలి జ్యోతిశ్శాస్త్రజ్ఞుని పేరఁ డాజెలే యని పేరిడెను. పిదప కాల్నెట్ అను నాంగ్లేయుఁ డా దీవినే చూచి రేఖాంశము దప్పుగాఁ గట్టి, తన యోడపేర ఆర్గొనాట్ అనెను. ఇట్లొక్క దీవి ఐరోపావారి పటములలో రెండయ్యెను. 1840లో సీబోల్ట్ అను జర్మనువైద్యుఁడు, జపానునఁ గొన్నేండ్లు వసించినవాఁడు, జపానుదేశపటమును బ్రకటించెను. జపానుగ్రంథములయందుఁ దకేషిమ, మత్సుషిమ యని రెండు పేళ్లున్నవి; ఐరోపాపటములయందును రెండు దీవులున్నవి; కాఁబట్టి లేని యార్గొనాట్ పైఁ దకేషిమను, నిజమైన యుల్లుంగ్డో యగు డాజెలేపై మత్సుషిమను వ్రాసెను. సంఖ్య సరిపోయెను గాని వస్తువు సరిపోలేదు.

పిదప నావికులు వెదకి యార్గొనాట్ దీవి లేదని తెలిసికొనిరి. 1849లో లియాంకూర్ అను ఫ్రెంచి తిమింగలపువేఁటయోడ ప్రకృతశిలలను జూచి వానికిఁ దన పేరిచ్చెను. 1855లో హార్నెట్ అను నాంగ్లేయనౌకయుఁ దన పేరిచ్చెను. ఈ పటములు జపానునకుఁ జేరినపుడు ఉల్లుంగ్డో మత్సుషిమ యయ్యెను. తకేషిమ యనుపేరు నివాసము లేక తిరుగుచుండెను. పూర్వము మత్సుషిమ యైన శిలలకు జపానుపేరు లేకపోయెను. ఓకిద్వీపపు జాలరులు వానిని రియాంకో యనిరి. ఇది లియాంకూర్ శబ్దముయొక్క యపభ్రంశము. నూఱేండ్లకు మించి తమ పూర్వు లెఱిఁగిన ఱాతిని జపానుజాలరి ఫ్రెంచియోడపేరఁ బిలుచుట విధివైపరీత్యము. 1880లో జపాను యుద్ధనౌక యమగి పరీక్షించి, మత్సుషిమ యని వివాదపడుచున్నది యుల్లుంగ్డోయే యని తేల్చెను.

1904లో నకయి యను సముద్రసింహముల వేఁటగాఁడు ఈ శిలలను జపానునఁ జేర్చి తనకుఁ గౌలుకిమ్మని యర్జీ పెట్టెను. అప్పుడు పేరేమి పెట్టవలెనని యడుగఁగా, మత్సుషిమ యనుపేరు పటమునందు ఉల్లుంగ్డోకుఁ బోయినది గావున మిగిలిన తకేషిమ యనుపేరే దీనికిఁ దగునని ఓకిద్వీపాధికారి యభిప్రాయమిచ్చెను. 1905 జనవరి 28న మంత్రిసభ తీర్మానించెను. ఫిబ్రవరి 22న షిమానెసీమ 40వ సంఖ్యగల ప్రకటనచే, ఓకికి 85 సముద్రపుమైళ్లలో నున్న యీ దీవికిఁ దకేషిమ యని పేరనియు, ఓకిద్వీపాధికారికి లోఁబడుననియుఁ దెలిపెను. ఇట్లు వెదురు పెరిగిన పెద్దదీవి పేరు వెదురు లేని ఱాతికి వచ్చెను. ఉల్లుంగ్డో చెంతనే, రెండు కిలోమీటర్ల దూరమున, జుక్డో యను చిన్నదీవి యొకటి గలదు. దాని పేరును వ్రాయు నక్షరములును వెదురు, దీవి యనునవే. కాఁగా నక్షరద్వయ మొక్కటి, వాచ్యములు మూఁడు : పూర్వము ఉల్లుంగ్డో, దాని చెంతనున్న జుక్డో, నేఁటి శిలలు. కాలదేశములు చెప్పక తకేషిమశబ్దము నుదాహరించువాఁడు తెలియకయో తెలిసియో మోసగించినవాఁ డగుచున్నాఁడు.

సొక్డో, డోక్డో

కొరియారాజు 1900 అక్టోబరు 25న 41వ సంఖ్యగల శాసనముచే నుల్లుంగ్డోను బ్రత్యేకమండలముగాఁ జేసి, ఉల్లుంగ్డో యంతయు, జుక్డో, సొక్డో అనునవి దానిలోనివని నిర్ణయించెను. సొక్డో యనఁగా ఱాతిదీవి. ఈ సొక్డో డోక్డో యగునెడల జపానుప్రకటనకు నాలుగేండ్లకుఁ బైగాఁ బూర్వమే కొరియావారి లిఖితము గలదన్నమాట. అగునా?

ఇచ్చటనే వైయాకరణునకుఁ బని గలుగుచున్నది. కొరియాభాషలో ఱాతికి డోల్ అని సామాన్యరూపము; దక్షిణమందలి మాండలికమున డోక్ అందురు. ఉల్లుంగ్డోకు వలసవచ్చినవారిలో నా ప్రాంతమువా రనేకులు. వారు ఱాతిదీవిని డోక్‌సొమ్ అనిరి. దాని నర్థముచే వ్రాసినవారు సొక్డో యని వ్రాసిరి. ధ్వనిచే వ్రాసినవారు డోక్ అను ధ్వనిగల యక్షరమును, అనఁగా నేకాకి యను నర్థముగలదానిని గ్రహించి డోక్డో యని వ్రాసిరి. ఇది కొరియావారి సాధనము. ధ్వనిపరిణామ మసంభావ్యము గాదు. మఱియు నొక యుక్తిని నేను జేర్చెదను : ఏకాకి యను నర్థము వస్తువున కొప్పదు, ఏలన నవి జంటశిలలు. యోగార్థము వస్తువున కొప్పనపుడు ఆ యక్షరము ధ్వనికై వచ్చినదని తలఁచుట న్యాయము.

అయినను జపానువా రడుగుదురు : 1900 శాసనమున డోక్డో యనియే యేల లేదు? అక్షాంశరేఖాంశములేల లేవు? సొక్డో ఉల్లుంగ్డో చెంతనున్న వేఱొక చిన్నదీవి యేల కారాదు? ఈ ప్రశ్నలకు వ్యాకరణము సమాధానము చెప్పలేదు. సొక్డో డోక్డో యగుట కవకాశము గలదని చెప్పఁగలదు, అయ్యెనని చెప్పఁజాలదు. అవకాశము వేఱు, సిద్ధి వేఱు. 1904లో జపాను యుద్ధనౌక నీటక దినచర్యయందుఁ గొరియావా రీ శిలలను డోక్డో యని వ్రాయుదురని యుండుటయు, 1906లో నుల్లుంగ్డో మండలాధికారి తన మండలమునకుఁ జెందిన డోక్డో యని పైయధికారులకు వ్రాయుటయు నా పేరు వ్యవహారమున నుండెననుటకు గట్టి లిఖితములు. ఈ లిఖితములు వ్యుత్పత్తికంటె బలవత్తరములు.

పిమ్మటి వృత్తాంతము

తరువాతి కథ సంగ్రహించెదను. 1946 జనవరిలో జపానును బాలించుచుండిన మిత్రరాజ్యసేనాధిపత్యము లియాంకూర్ శిలలను జపాను పరిపాలనకు వెలిగా నుంచెను. అది తుదినిర్ణయము గాదనియు నందే చెప్పెను. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సంధియందు జపాను విడిచిన కొరియాదీవులలో ముగ్గురి పేళ్లే యున్నవి. అందీ శిలల పేరు లేదు. లేకుండుటను మరల నిరువురును దమకనుకూలముగా వ్యాఖ్యానించిరి. 1952 జనవరిలోఁ గొరియాధ్యక్షుఁడు గీచిన సముద్రపుగీఁతకు లోపల నీ శిలలు పడినవి. 1954లో జపాను అంతర్జాతీయన్యాయస్థానమునకుఁ బోవుదమనఁగాఁ గొరియా యంగీకరింపలేదు. 2012లోను నట్లే జరిగెను. తనదైన దానిఁ దనదని నిరూపింపఁ దాను న్యాయస్థానమున కేల పోవలెనని కొరియా పక్షము. 1965 సంధి యీ ప్రశ్నను ముట్టలేదు. నేఁ డా శిలలు కొరియారిపబ్లికు స్వాధీనమున నున్నవి, అచ్చట దాని రక్షకభటులుందురు. జపాను తన హక్కును విడువలేదు.

వ్యవహారశబ్దము

వ్యవహారమను సంస్కృతపదమున కిచ్చట రెండర్థములు గమనింపఁదగినవి. శాబ్దికునకు వ్యవహారమన జనుల వాడుక; శక్తిగ్రహమునకు నదియే ముఖ్యసాధనము. ధర్మశాస్త్రజ్ఞునకు వ్యవహారమన వివాదనిర్ణయము. పేరును మొదటి వ్యవహారము నిర్ణయించును. స్వత్వమును రెండవ వ్యవహారము నిర్ణయించును. యాజ్ఞవల్క్యస్మృతి వివాదములందు లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములను జెప్పినది, వ్యుత్పత్తిని జెప్పలేదు. ఆ స్మృతివ్యాఖ్యయగు మితాక్షర ననుసరించి తెలుఁగున విజ్ఞానేశ్వరీయమును రచించిన కేతనయే తెలుఁగునకు మొదటి లక్షణగ్రంథములలోనిదగు ఆంధ్రభాషాభూషణమును గూడ రచించెను. ఒక్కఁడే రెండుశాస్త్రముల నెఱిఁగినవాఁడు. అయినను రెండు గ్రంథములుగా వ్రాసెను.

ఇటీవలి న్యాయనిర్ణయము నీ విషయమునే చూపుచున్నది. సింగపూరునకును మలేషియాకును నడుమఁ బెడ్రా బ్రాంకా యను ఱాతిదీవికై వివాదము నడచెను. ఆ పేరు పోర్చుగీసుభాషలోనిది. తెల్లఱాయి యని యర్థము. మలయివారు పులావ్ బతు పుతె యందురు, అందును దెల్లఱాయియే. అర్థ మొక్కటియే యైనను ధ్వనులు రెండు, వాదులిరువురు. 2008 మే 23న అంతర్జాతీయన్యాయస్థానము తీర్పు చెప్పినపుడు, మొదట నా ఱాయి జోహారుసుల్తానుదే యని యొప్పుకొనియు, పిదప నిరుపక్షముల నడవడినిబట్టి సింగపూరున కిచ్చెను. ఆ ఱాతిమీఁది దీపస్తంభమును నడిపినవారెవరు, 1953లో జోహారు ప్రభుత్వము దానిపైఁ దమకు హక్కు లేదని యేల వ్రాసెను అనునవియే యచ్చట బలవత్తరములైనవి. నామములు వస్తువును గుర్తించుటకు మాత్రము పనికివచ్చినవి. లిఖితమందలి పద మే వస్తువును జెప్పుచున్నదో తేల్చుటవఱకే శాబ్దికుని యధికారము. అటుపైని మాట యితరులది.

కావున నీ విచారమునఁ దేలిన నియమములు రెండు. ఒకటి : నామైక్యమువలన వస్త్వైక్యము సిద్ధింపదు, తకేషిమశబ్దము దీనికి నిదర్శనము. రెండు : నామభేదమువలన వస్తుభేదమును సిద్ధింపదు, మత్సుషిమ, రియాంకో, లియాంకూర్, డోక్డో యనునవి యొక్క వస్తువునకే చెల్లినవి. ఈ రెంటిని మఱచిన వ్యుత్పత్తి యెంత చమత్కారముగానున్నను వాదమునఁ బనికిరాదు.

స్వానుభవము

ఇది పరదేశవృత్తాంతమని యుపేక్షింపరాదు. ఇరువదియైదేండ్లక్రింద గోదావరిప్రాంతమున నొక లంకకై యిరుగుపొరుగు గ్రామములు రెండు వివాదపడినవి. ఒక గ్రామపుఁబెద్దలు నాయొద్దకు వచ్చి, ఆ లంకపేరు తమ గ్రామదేవతపేరునుండి పుట్టినదని వ్రాసియిమ్మనిరి. ఆ పేరునకు సంస్కృతమూలము గల్పించుట నాకుఁ గష్టము గాలేదు. ఆదేశములు, లోపములు, వర్ణవ్యత్యయములు చూపి రెండు పుటలు వ్రాసితిని. వారు దానిని సభలోఁ జదివిరి. కొన్నినాళ్లకు రెండవగ్రామమందలి యొక వృద్ధుఁడు నాతో, "పంతులుగారూ, మా తాత పుట్టినప్పుడు ఆ లంకే లేదండి, ఏటి కావల వేఱొక లంకకుఁ బేరది. అది కోసుకొనిపోయి యిది పైకి లేచింది, పేరు మాత్రం దీనికి వచ్చింది" అనెను. నేను విచారింప నది నిజమే. నా వ్యుత్పత్తి తప్పో ఒప్పో యిప్పటికిని దెలియదు. వస్తువు మాత్రము తప్పు. సీబోల్టు పటమును జదివినపుడు నాకు నవ్వు రాలేదు.

బడిపండితులకు నా ప్రార్థన మిది. పటములయం దొక దీవికి రెండు పేళ్లు గనఁబడినపుడు విద్యార్థి 'ఏది సరియైన పేరు?' అని యడుగును. 'ఎవరి పేరు, ఎప్పటి పేరు, ఏ పటమునందలి పేరు?' అని మనము తిరిగి యడుగుట నేర్పవలెను. మన గ్రామనామములకుఁ బురాణవ్యుత్పత్తులు చెప్పునపుడు, అది ప్రీతికై చెప్పునది గాని పట్టాకై చెప్పునది గాదని తెలుపవలెను.

వంగసముద్రపుటొడ్డున, హరియాభంగా నదీముఖమున, 1970 నాఁటి తుపానునకుఁ బిమ్మట నొక యిసుకదీవి కనఁబడెను. మనవారు దానిని న్యూమూర్ అనియు, పూర్వాశ యనియు, బంగ్లాదేశమువారు దక్షిణ తాల్‌పట్టి యనియు నన్నారు. ఆశాశబ్దము దిక్కునకును గోరికకును గూడ వాచకము గావున పూర్వాశ యనుపేరు శ్లేషయుక్తమై యొప్పినది. ముప్పదియేండ్లకుఁ బైగా నా యిసుకకై వివాదము నడచెను. 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ దీవి నీటమునిఁగినదని తెలిపిరి. ఇప్పుడు పేళ్లు మూఁడును నున్నవి, వాచ్యము లేదు.

ప్రకృతశిలలపై నొకప్పుడు సముద్రసింహములు వేలకొలఁది యుండెడివి. 1905 ప్రకటనకు మూలమైన యర్జీ వాని చర్మమునకును నూనెకును బెట్టఁబడినదే. వానిని వేఁటాడి వేఁటాడి యిరువదవశతాబ్ది నడుమకే యరుదుచేసిరి. నేఁ డా జాతి నశించినదని యెన్నఁబడుచున్నది. ఆ శిలలపై భుక్తి యందఱికంటె ముందు వానిదే. వానికి లిఖితము లేదు, సాక్షులు లేరు, పేరు పెట్టు శక్తియు లేదు.

ఈ వ్యాసమునఁ గొరియా జపాను నామముల యుచ్చారణమును దెలుఁగులిపిలోఁ జూపుటయం దెడనెడ లోపము లుండవచ్చును. ఆ భాషలెఱిఁగిన విజ్ఞులు సవరింతురుగాక.